నీలం చుక్కల స్విచ్చి

రెండింటికల్లా తాళంతో వస్తానన్న మనిషి మూడైనా రాలేదు. సీలు వేసిన ఇంటి గేటు ముందు నిలబడి సర్వేయరమ్మ ఇప్పటికి నాలుగుసార్లు ఫోను చేసింది. నాలుగుసార్లూ "దారిలోనే ఉన్నా మేడమ్" అన్న జవాబే. ఆ దారి ఊరు చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసి వస్తోందో ఆవిడకి అర్థం కాలేదు. ఆలస్యం చేయడమే వాడి పని అని మాత్రం బాగా అర్థమైంది.

ఆరింటికి ఇన్‌స్పెక్టర్ కేసు కాగితాల మీద సంతకం పెట్టేస్తాడు. ఆ సంతకం పడిందంటే నిన్నట్నుంచి స్టేషన్లో కూర్చోబెట్టిన ఎలక్ట్రీషియన్ జైలుకి పోతాడు. ఒకసారి లోపలికి పోయాక "అయ్యో, వీడు కాదట" అని బయటికి తీయడం ఎంత కష్టమో ఆవిడకి తెలుసు.

సర్వేయరమ్మ పోలీసూ కాదు, లాయరూ కాదు. ఇన్సూరెన్సు కంపెనీలో చాలా ఏళ్ళు కాలిపోయిన ఇళ్ళూ, గోడౌన్లూ చూసి మంట ఎక్కడ పుట్టిందో చెప్పిన మనిషి. ఉద్యోగాన్ని ఆవిడ వదిలేసినా ఆ పేరు ఆవిడని వదల్లేదు. ఇప్పుడు ఎవరు పిలిస్తే వాళ్ళ కోసం వెతికి పెడుతోంది. ఈసారి పిలిచింది ఎలక్ట్రీషియన్ అత్తగారు. "మా అల్లుడు బద్ధకస్తుడమ్మా, ఆ మాట నలుగురిలో నేనే చెబుతాను. వస్తానంటాడు, రాడు. కానీ వచ్చి చేశాడంటే మాత్రం పని నికార్సుగా ఉంటుంది" అంది ఆవిడ. అల్లుడి గురించి ఇంత నిజం మాట్లాడిన అత్తగారిని సర్వేయరమ్మ ఇంతకుముందు చూడలేదు. అందుకే ఒప్పుకుంది.

జరిగింది ఇదీ. ఈ ఇంట్లో ఒక పింగాణీ టీచరు ఉండేది. పిల్లలకీ పెద్దలకీ కప్పులూ కూజాలూ చేయడం నేర్పేది, చేసినవన్నీ పెరటి షెడ్డులో కరెంటు బట్టీ పెట్టి కాల్చేది. తొమ్మిది రోజుల క్రితం పొద్దున్నే మట్టి చేతులు కడుక్కోడానికి పనిగదిలో స్టీలు సింకు దగ్గరికి వెళ్ళి గీజరు కుళాయి తిప్పింది. గీజరు లోపల రాడ్డు పగిలి నీళ్ళలోకి కరెంటు వస్తోంది. అలాంటప్పుడు రెప్పపాటులో కరెంటు ఆపేయాల్సిన ఆర్‌సీడీ, అదే జనం నోట్లో షాకు ట్రిప్పరు, ఆ ఇంటి బోర్డు పెట్టెలో ఉంది. అది కదల్లేదు. టీచరు అక్కడే పోయింది. పెట్టె బిగించినవాడు ఎలక్ట్రీషియన్ కాబట్టి తప్పు వాడిదే అని అందరూ తేల్చేశారు.

పొద్దున స్టేషన్లో ఆవిడ ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడింది. ట్రిప్పరు నలభై ఆంపులది పెట్టానన్నాడు. దాని ముందు మెయిన్ కూడా నలభైదే పెట్టానన్నాడు. అప్పటికి ఇంట్లో బట్టీ లేదట. బట్టీ వచ్చాక, దాంతోపాటు ఓవెనూ గీజరూ వేసినప్పుడల్లా మెయిన్ పడిపోతోందని టీచరమ్మ ఫోను చేసిందట. అన్నీ కలిపి వేయకండి, వచ్చి బట్టీకి వేరే లైను లాగుతాను అని చెప్పాడట.

"ఎప్పుడొస్తానన్నావు?" అని అడిగింది ఆవిడ.

"రేపొస్తానన్నానండీ."

"ఎన్ని రేపులు?"

వాడు తల వంచుకున్నాడు. అత్తగారు చెప్పిందాంట్లో మొదటి సగం రుజువైంది. రెండో సగం రుజువు చేయడానికే ఇప్పుడీ తాళం కావాలి.

గేటు దగ్గర నిలబడి కాళ్ళు లాగేసరికి ఆవిడ పక్కింటికి వెళ్ళింది. రెండిళ్ళకీ గోడ ఒకటే, పెరడు ఒకటే. పక్కిల్లు టీచరు తమ్ముడిది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. టీచరు పోయాక ఆమె భర్త, కూతురు వీళ్ళింట్లోనే ఉంటున్నారు. భర్త ఏవో కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడని తమ్ముడి భార్య చెప్పింది. నడవలో చెప్పుల స్టాండు పక్కన కుర్చీ వేసి ఆవిడని కూర్చోబెట్టింది. నడవ గోడలకి నీలం రంగు. ఎవడో తొందరపాటు మనిషి వేసినట్టున్నాడు, గడప మీద, స్విచ్చిల మీద, ఆవిడ తల పైనున్న బోర్డు పెట్టె మీద అంతా చుక్కలే.

"ఏదో కంపు కొడుతోందమ్మాయ్" అంది సర్వేయరమ్మ, ముక్కు ఎగబీల్చి.

"చేప కుళ్ళినట్టుంది కదండీ? మూడు రోజుల్నుంచీ ఇదే. మేమసలు చేపే వండలేదు. ఎక్కడో బల్లి చచ్చుంటుందని అలమారలన్నీ జరిపి చూశాను. ఈయనకి చెబితే మోరీ నీళ్ళ కంపు అంటారు."

అంతలో లోపల్నుంచి ఎనిమిదేళ్ళ పిల్ల వచ్చి అత్త కొంగు పట్టుకుని, ఈ పూట కూడా స్నానం చేయనంది. అత్త జుట్టు నిమిరి, సాయంత్రం వేడినీళ్ళు పెడతాననీ, కావాలంటే బొమ్మని కూడా తీసుకెళ్ళమనీ బతిమాలింది. పిల్ల సరేననలేదు, కాదనలేదు. అది వెళ్ళాక ఆమె గొంతు తగ్గించి, "వాళ్ళమ్మ అలా పోయింది కదండీ, నీళ్ళంటే భయం పట్టుకుంది. మొదట్లో బాగానే పోసుకుంది, ఇప్పుడు రోజూ మొరాయింపే" అంది. అలాంటి పసిదాన్ని ప్రశ్నలడిగే మనసు సర్వేయరమ్మకి రాలేదు.

తమ్ముడు పెరటి షెడ్డులో బట్టీ దగ్గర ఉన్నాడు. బట్టీ వెలుగుతూనే ఉంది. పక్కింట్లో కరెంటు తీసేశారు కాబట్టి తన ఇంట్లోంచి లావుపాటి కేబులు లాగాడు. అక్క సగంలో వదిలేసిన కప్పులవి, పాప కోసం కాల్చి దాచిపెడుతున్నాను అన్నాడు. మనిషి వారంగా నిద్రపోయినట్టు లేడు. ఆ రోజు సంగతి అడిగితే తడుముకోకుండా చెప్పాడు. ఏడింటికి బావ కేకలు విని పరుగెత్తాననీ, బావే మెయిన్ లాగేశాడనీ, ఎనిమిదింటికి డాక్టరు వెలుతురు కావాలంటే మళ్ళీ వేశాడనీ, తర్వాత అంతా ఆసుపత్రికి వెళితే తను మాత్రం పాపతో ఆ ఇంట్లోనే ఉండిపోయాననీ అన్నాడు. పన్నెండింటికి పోలీసులు వచ్చి పెట్టెకి సీలు వేశారు.

"మధ్యలో మెయిన్ ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారండీ? నేనూ పాపే ఉన్నాం. కావాలంటే బావని అడగండి" అన్నాడు.

ఆసుపత్రిలో ఉన్న బావకి ఇక్కడి సంగతి ఎలా తెలుస్తుందో ఆవిడకి బోధపడలేదు. అడిగేలోపే వీధిలో కారు హారను మోగింది.

కోటు దిగాడు. అది వాడి అసలు పేరు కాదు. ఎండైనా వానైనా ఒంటి మీంచి కోటు తీయడు కాబట్టి ఆఫీసులో అందరూ అలాగే పిలిచేవారు. ఒకప్పుడు సర్వేయరమ్మ సంచి మోస్తూ ఆవిడ వెనకాల కాలిన ఇళ్ళన్నీ తిరిగి పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఈ ఇంటికి ఇన్సూరెన్సు ఇచ్చిన కంపెనీ తరఫున దర్యాప్తు చేస్తున్నాడు. పగిలిన గీజరు పాతది, కంపెనీ తప్పేం లేదు, నాసిరకం ట్రిప్పరు పెట్టిన ఎలక్ట్రీషియనే కారణం అని వాడు రాసిచ్చిన రిపోర్టు చూసే ఇన్‌స్పెక్టర్ మనిషిని పట్టుకొచ్చాడు.

"ట్రాఫిక్కు మేడమ్" అన్నాడు, చేతిలో టీ కప్పుతో.

ఆవిడ ఆ కప్పు వంక చూసి గేటు వైపు నడిచింది. దాని గురించి అడిగితే ఇంకో పావుగంట పోతుంది.

ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన అనుమతితో పనిగదిలో సీలు తీసి పెట్టె తలుపు తెరిచారు. గోడలు తెల్లటి సున్నం. ఎడమ చివర మెయిన్, పక్కన షాకు ట్రిప్పరు, తర్వాత వరసగా చిన్న చిన్న స్విచ్చిలు. ట్రిప్పరు ముందుభాగం చూస్తే కొత్తదానిలాగే ఉంది. సర్వేయరమ్మ మరలు విప్పి దాన్ని బయటికి లాగి వెనక్కి తిప్పింది. వెనకంతా గోధుమరంగుకి తిరిగి, ఒక మూల ప్లాస్టిక్కు కారి గడ్డకట్టింది. మీట కిందికి లాగి తన మీటరు పెట్టి చూసింది. మీట పడింది కానీ లోపలి దారి తెరుచుకోలేదు. లోపలున్న రెండు రేకులు వేడికి ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"నేను రాసింది ఇదే కదా" అన్నాడు కోటు. "దాని మీద నలభై అని అచ్చేసుంది. నలభై దాటితే కొట్టేయాలి. కొట్టకుండా కాలిపోయిందంటే నాసిరకం సామాను. దీనికి మీరింత శ్రమపడాలా?"

సర్వేయరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడు ఈ మాట అన్నాడంటే సిగ్గుపడాల్సింది ఎవరో ఆవిడకి తెలియలేదు.

"నలభై అన్నది అది మోయగలిగే బరువురా. దించేసే బరువు కాదు" అంది. "షాకు ట్రిప్పరు చూసేది ఒక్కటే. లోపలికి పోయిన కరెంటంతా తిరిగొచ్చిందా, మధ్యలో ఎవరి ఒంట్లోంచైనా నేలలోకి జారిపోయిందా అని. జారితే కొడుతుంది. లోడు ఎక్కువైందా అన్నది దానికి పట్టదు. అరవై మోయించినా కిక్కురుమనకుండా మోస్తుంది, లోపల్లోపల కాలిపోతుంది. వద్దు, చాలు అనే పని దాని ముందున్న మెయిన్‌ది."

"మరి మెయిన్ కూడా నలభైయ్యే కదా మేడమ్. మీ ఎలక్ట్రీషియన్ చెప్పిందీ అదే, ఇక్కడున్నదీ అదే. లోడు ఎక్కువై ఉంటే ఇది పడిపోయేది. పడలేదంటే లోడు ఎక్కువ కాలేదు. లోడు ఎక్కువ కాకుండానే ట్రిప్పరు కాలిందంటే అది చెత్తది. నేను చెప్పేది మళ్ళీ అక్కడికే వస్తోంది."

ఇదీ ఆవిడ బాధ. వాడి మాట చుట్టూ తిరిగి వాడి దగ్గరికే వస్తోంది, పైగా ఎక్కడా అతుకు కనపడదు. వాడు చెప్పినట్టే చూస్తే మెయిన్ నలభై, ట్రిప్పరు నలభై, అంతా సక్రమం. అంత సక్రమంగా ఉన్న పెట్టెలో ఈ ట్రిప్పరు ఇంతలా ఉడకదు. ఇలాంటి ఉడుకుడు ఆవిడ వందసార్లు చూసింది. నాసిరకమైతే ఒకచోట మాడుతుంది. ఇది రోజుల తరబడి, గంటల తరబడి మోయలేని బరువు మోసి మోసి కాలింది.

గడియారం నాలుగున్నర దాటింది. కోటు చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదని ఆవిడ టార్చి వేసి మెయిన్ దగ్గరికి వంగింది.

మెయిన్‌లోకి వచ్చే వైర్ల చివర తొడుగు గట్టిపడి పెళుసుగా, గోధుమరంగులో ఉంది. అంటే ఆ చివర చాలా రోజులు వేడెక్కింది. ఆ చివర బిగించిన మెయిన్ మాత్రం ఎక్కడా కమిలినట్టు లేదు. మరల తలకాయలు కొత్తగా గీసుకుపోయి మెరుస్తున్నాయి. ఇంటి చూరు కాలింది కానీ కింద వాసం కాలలేదన్నట్టుంది. ఇంకా దగ్గరికి పెట్టి చూసింది. మెయిన్ నొసటి మీద ఆవగింజంత నీలం చుక్కలు మూడున్నాయి. పక్కనున్న స్విచ్చిల మీద లేవు. పెట్టె మీద లేవు. గది మొత్తం తెల్ల సున్నం.

ఆవిడ వెన్ను నిటారుగా చేసుకుని, "సీలు వేసిన రోజు నువ్వు ఫోటోలు తీశావుగా. ఇటివ్వు" అంది.

కోటు విసుక్కుంటూనే ఫోను ఇచ్చాడు. పెట్టె ఫోటోలు, సింకు ఫోటోలు, గీజరు ఫోటోలు. ఆవిడకి కావలసినవి అవి కావు. వెనక్కి వెనక్కి జరిపి వంటింటి ఫోటో దగ్గర ఆగింది. వాడు ఎందుకో తలుపులోంచి తీశాడు. ఒక మూల ఓవెను ఉంది. దాని ముఖం మీద గడియారం అంకెలు వెలుగుతున్నాయి.

"ఈ ఫోటో ఎన్నింటికి తీశావు?"

"పన్నెండు. పైన రాసే ఉంటుంది."

"ఓవెనులో ఒంటిగంట చూపిస్తోంది."

"ఎవరూ సరిచేసి ఉండరు మేడమ్. మా ఇంట్లోదీ అంతే."

"అదే కదా నేను చెప్పేది. కరెంటు పోయొస్తే అది సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఎవరూ సరిచేయలేదు కాబట్టి ఒంటిగంట అంటే కరెంటు వచ్చి గంటయిందని. ఇంటాయన మెయిన్ మళ్ళీ వేసింది ఎనిమిదింటికి. ఆ లెక్కన నువ్వు ఫోటో తీసేసరికి దాన్లో నాలుగు ఉండాలి. ఒకటి ఉందంటే పదకొండింటికి ఎవరో మళ్ళీ కరెంటు తీసి వేశారు."

"వీధిలో పోయుంటుంది."

"వీధిలో పోతే రెండిళ్ళకీ ఒకేసారి తిరిగి రావాలి. నువ్వు వాళ్ళ వంటింటి ఫోటో కూడా తీశావు, ఇదిగో. వాళ్ళ ఓవెనులో ముప్పావుగంటే ఉంది, అంటే అక్కడ ఇంకో పావుగంట తర్వాత వచ్చింది."

కోటు మొదటిసారి గుమ్మాన్ని వదిలి ముందుకొచ్చాడు. తన ఫోటో తనే చూసుకున్నాడు. ఇన్నిరోజులూ ఆ ముక్క వాడి జేబులోనే ఉందని తలుచుకుంటే సర్వేయరమ్మకి నవ్వు రాలేదు, చిరాకే వచ్చింది. కళ్ళు పెట్టుకు తీసిన ఫోటోలు కళ్ళు పెట్టుకు చూడకపోతే ఎలా?

"పదకొండింటికి ఈ ఇంట్లో ఉన్నది ఒక పసిపిల్ల, ఒక లిఫ్టు మెకానిక్కు" అంది ఆవిడ. "స్క్రూడ్రైవరు పట్టుకోవడం ఎవరికొచ్చో నేను చెప్పక్కర్లేదు. ట్రిప్పరుని ఇంతలా కాల్చిన పెద్ద మెయిన్ ఒకటి ఇక్కడ ఉండేది, దాన్ని తీసి ఈ నలభైని పెట్టారు. ఈ నలభై నీలం గోడ ఇంట్లోంచి వచ్చింది. పద."

షెడ్డులో బట్టీ గుయ్యిమంటోంది. తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ అడగలేదు, చెప్పింది. ఓవెను గడియారం సంగతీ, మరల మీది గీతల సంగతీ, నీలం చుక్కల సంగతీ వరసగా చెప్పింది. ఆవిడ చెప్పడం అయ్యేసరికి అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"అక్క ఏడ్చేదండీ" అన్నాడు. "బట్టీ సగంలో ఉండగా మెయిన్ పడిపోయేది. లోపలున్నవన్నీ పగుళ్ళు. పిల్లలు చేసుకున్న కప్పులు వాళ్ళకేం చూపించాలిరా అని ఏడ్చేది. ఆ ఎలక్ట్రీషియన్ ఎన్నిసార్లు పిలిచినా రాడు. నేనే అరవైమూడుది తెచ్చి మార్చాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా పడలేదు. అక్క ఎంత సంబరపడిందో."

పడలేదు నిజమే. పడనివ్వకుండా చేశాడు. నలభై మోసే ట్రిప్పరు నెత్తిన రోజూ అరవై పెట్టి, అడ్డుచెప్పేవాణ్ణి పక్కకి తప్పించాడు. చేసింది ప్రేమతోనే, అందులో ఆవిడకి అనుమానం లేదు. అదే ఆవిడకి ఎక్కువ కోపం తెప్పించింది. దొంగ అయితే తిట్టుకోవచ్చు.

"అక్క పోయాక నలభై మళ్ళీ ఎందుకు పెట్టావు?"

"ట్రిప్పరు పాడైపోయింది, అందువల్ల పోయిందనే అనుకున్నానండీ, ఒట్టు. కానీ మెయిన్ మార్చింది నేనని తెలిస్తే నా మీదకొస్తుందని భయమేసింది. పాతది ఎప్పుడో పారేశాను. అందుకని మా పెట్టెలోది పీకి..."

"అక్కడ మరో మనిషి జైలుకి పోతుంటే చూస్తూ కూర్చున్నావు" అన్నాడు కోటు. నిన్నటిదాకా ఆ మనిషిని తోసింది తనేనన్న సంగతి వాడికి గుర్తున్నట్టు లేదు.

సర్వేయరమ్మ ఆ మాట వినిపించుకోలేదు. ఆవిడ బట్టీ వంక చూస్తోంది. బట్టీలోంచి బయలుదేరి, పెరడు దాటి, కిటికీలోంచి నీలం గోడల ఇంట్లోకి పోతున్న లావుపాటి కేబులు వంక చూస్తోంది.

"మీ పెట్టెలోది పీకితే ఆ ఖాళీలో ఏం పెట్టావు?"

"ఆ అరవైమూడే. చేతిలో ఉన్నది అదేగా."

"ఈ బట్టీ ఎన్నాళ్ళుగా వెలిగిస్తున్నావు?"

"ఐదు రోజులైంది. మా ట్రిప్పరు బాగానే ఉందండీ, కొత్తది..."

"అక్క గీజరు బిగించింది ఎవరు? ఎలక్ట్రీషియన్ తను కాదన్నాడు."

"నేనే. రెండిళ్ళకీ ఒకేసారి కొన్నాం, రెండూ నేనే బిగించాను. ఆకుపచ్చ వైరు, అదే ఎర్తుది, పొట్టిగా ఉంది, అందలేదు. ట్రిప్పరు ఉందిగా అని..." అంటూ ఆగిపోయాడు. తన మాట తనకే అప్పుడు వినపడింది.

చేప కుళ్ళిన కంపు. ఆవిడకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. స్విచ్చిల ప్లాస్టిక్కు నెమ్మదిగా ఉడికితే వచ్చే కంపు అదే. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఆవిడ మొదటిరోజు నేర్పే పాఠమది. తన నెత్తి మీద, జానెడు ఎత్తులో ఉన్న పెట్టెలోంచి ఆ కంపు వస్తుంటే, కుర్చీ వేసుకుని కూర్చుని బల్లి కథ వింది.

"పాప ఎక్కడ?" అంది.

తమ్ముడు లేచిన విసురుకి స్టూలు పడిపోయింది.

ఆ వయసులో తను అంత వేగంగా పరుగెత్తగలనని ఆవిడకి తెలీదు. వంటింటి గుమ్మంలో తమ్ముడి భార్య ఎదురొచ్చి, "ఏమైందండీ?" అంది. గంటసేపు బతిమాలితే ఇప్పుడే స్నానానికి వెళ్ళిందని కూడా చెప్పింది. స్నానాలగది తలుపు వేసుంది. లోపల కుళాయి ధారగా పడుతోంది. తమ్ముడు తలుపు దగ్గరికి ఉరికాడు. సర్వేయరమ్మ నడవలోకి తిరిగి పెట్టె మూత పీకింది. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. వరసలో అన్ని స్విచ్చిల మీదా నీలం చుక్కలు. ఎడమ చివరి మెయిన్ మీద మాత్రం ఒక్క చుక్కా లేదు, అంచులు కమిలి ఉన్నాయి, దాని మీద అరవైమూడు అని ఉంది. దాన్ని కిందికి లాగేసింది.

దీపాలు ఆరిపోయాయి. ఫ్రిజ్జు ఆగింది. పెరట్లో బట్టీ గుయ్యిమనడం మానేసింది. నీళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు.

"పాపా" అని పిలిచాడు తమ్ముడు.

జవాబు లేదు. కోటు భుజంతో తలుపు గుద్దబోయాడు. అప్పుడు లోపల గడియ కదిలింది.

పిల్ల గుమ్మంలో నిలబడింది. గౌను విప్పలేదు. జుట్టు పొడిగా ఉంది. ఒక చేత్తో బొమ్మని ఎత్తుకుంది, రెండో చేయి గౌనుకి తుడుచుకుంటోంది. వెనకాల బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. పోసుకోకుండా ఇంతసేపూ ఆ మూల నిలబడి కాలక్షేపం చేసినట్టుంది.

అత్త దాన్ని దగ్గరికి లాక్కుని గుండెలకి అదుముకుంది. తమ్ముడు తలుపు పక్కనే నేల మీద కూలబడ్డాడు. సర్వేయరమ్మ పెట్టెలోని ట్రిప్పరుకి మీటరు పెట్టి, మీట కిందికి లాగి చూసింది. ఇదీ అంతే. మీట పడింది, దారి తెరుచుకోలేదు. కోటు అది చూశాడు. ఫోను తీసి ఇన్‌స్పెక్టర్‌కి కలిపాడు. ఆరుకి ఇంకా పది నిమిషాలుంది. సంతకం ఆపమని చెబుతున్నాడు. బద్ధకస్తుడైన ఒక అల్లుడు ఈ రాత్రికి ఇంటికి పోతాడు.

ఆవిడ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"స్నానం చేయలేదేమ్మా? భయమేసిందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "భయం కాదు. నీళ్ళు కుడుతున్నాయి. అత్తకి చెప్తే నమ్మట్లేదు."

"ఎలా కుడుతున్నాయి?"

"చీమల్లాగా. కుళాయి పట్టుకుంటే ఇంకా ఎక్కువ." అరచెయ్యి చాపి చూపించింది. "మా ఇంట్లో కూడా కుట్టేవి. అమ్మ కూడా కుడుతున్నాయంది. మామయ్యకి చెప్పింది."

కోటు చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. సర్వేయరమ్మ వెనక్కి తిరగకుండానే, చాలా మెల్లగా అడిగింది.

"మామయ్య ఏమన్నాడు?"

"ట్రిప్పరు ఉందిగా అక్కా, ఏం కాదన్నాడు" అంది పిల్ల.

ఫోనులో ఇన్‌స్పెక్టర్ ఎవరా మాట్లాడేదని అడుగుతూనే ఉన్నాడు.